ప్లేగు రైతుకు విముక్తి ఇచ్చిందని రాయకండి: చరిత్ర పాఠాలు రాసే పెద్దలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన చరిత్ర పాఠ్యపుస్తకాల రచయితలకు, సంపాదకులకు, పరీక్షలకు ప్రశ్నలు తయారుచేసే పెద్దలకు,

నమస్కారం.

డిగ్రీ విద్యార్థులకు చాలాకాలంగా ప్రపంచ చరిత్ర చెబుతున్న అధ్యాపకురాలిని. తెలుగు మీడియం పిల్లలకు యూరప్ చరిత్రను వాళ్ల భాషలో అందించడం ఎంత శ్రమతో కూడిన పనో నాకు తెలుసు. ఆ గౌరవం మనసులో ఉంచుకునే రాస్తున్నాను. ఈ విషయం మీద ఇంతకుముందే సంబంధిత కార్యాలయానికి ఆధారాలతో సహా ఉత్తరం పంపాను. జవాబు రాలేదు. తర్వాతి ముద్రణలో కూడా అవే వాక్యాలు అచ్చయ్యాయి. ఇక అందరి ముందూ చెప్పక తప్పలేదు.

"భూస్వామ్య వ్యవస్థ పతనానికి కారణాలు" అనే శీర్షిక కింద మన పుస్తకాల్లో, గైడ్లలో, కోచింగ్ నోట్సుల్లో దాదాపు ఒకే పాఠం కనిపిస్తుంది. క్రూసేడుల్లో, అంటే జెరూసలేం కోసం క్రైస్తవులు చేసిన మత యుద్ధాల్లో, ప్రభువులు చనిపోయి వారి బలం తగ్గింది. 14వ శతాబ్దపు ప్లేగుతో జనాభా తగ్గి కూలీలకు గిరాకీ పెరిగింది. సెర్ఫులు, అంటే ప్రభువు భూమికి కట్టుబడి వెట్టి చేసే రైతులు, స్వేచ్ఛ పొందారు. అంతే. ఈ మూడు ముక్కలు రాస్తే మార్కులు పడతాయి. ఒకసారి ఈ పాఠం అయ్యాక ఒక విద్యార్థిని లేచి, "అయితే మేడమ్, ప్లేగు రావడం మంచిదేనా?" అని అడిగింది. ఆ అమ్మాయి తప్పేం లేదు, పాఠం చెప్పినదాన్నే ఆమె అర్థం చేసుకుంది.

ఆ పాఠంలో లేనివి, ఉండాల్సినవి కింద వివరిస్తున్నాను.

1. మత యుద్ధాల ఖర్చు ఎవరు భరించారు?

1095 నవంబరులో ఫ్రాన్స్‌లోని క్లెర్మాంట్‌లో పోప్ రెండో అర్బన్ మొదటి క్రూసేడుకు పిలుపు ఇచ్చాడని పిల్లలకు చెబుతున్నాం. ప్రభువులు వేల మైళ్లు వెళ్లి యుద్ధం చేయడానికి డబ్బు ఎక్కడిదో చెప్పడం లేదు. నార్మండీ డ్యూక్ రాబర్ట్ తన డచీని (తను ఏలే ప్రాంతాన్ని) మొత్తంగా తమ్ముడైన ఇంగ్లండ్ రాజు విలియం రూఫస్‌కు 10,000 వెండి మార్కులకు (మార్కు అంటే అప్పటి డబ్బు లెక్క) తాకట్టు పెట్టాడు. ఆ సొమ్ము కోసం విలియం ఇంగ్లండ్‌లో భూమి పన్ను బిగించాడు. నార్మండీ ప్రభువు యాత్రకు ఇంగ్లండ్ పల్లెలు డబ్బు కట్టాయన్నమాట.

1187లో ముస్లిం సుల్తాన్ సలాదీన్ జెరూసలేంను తిరిగి తీసుకున్నాక, 1188లో ఇంగ్లండ్‌లో ఆదాయం మీద, కదిలే ఆస్తి మీద పదోవంతు పన్ను పడింది. దానికి సలాదీన్ పేరే వచ్చింది. యుద్ధానికి వెళ్తానని శిలువ గుర్తు ధరించినవారికి ఈ పన్ను లేదు. గుర్రం, ఆయుధం కొనుక్కుని పోగలిగే స్తోమత ఉన్నవాడికి మినహాయింపు, పోలేనివాడికి పన్ను. ఆ యుద్ధం నుంచి తిరిగి వస్తూ ఇంగ్లండ్ రాజు మొదటి రిచర్డ్ 1192 చివర్లో ఆస్ట్రియాలో పట్టుబడ్డాడు. అతన్ని విడిపించడానికి అడిగిన మొత్తం 1,50,000 మార్కులు. ఈసారి ఆదాయంలో నాలుగోవంతు గుంజారు, సన్యాసి మఠాల ఉన్నిని కూడా వదల్లేదు.

క్రూసేడుల వల్ల మార్పు రాలేదని నేను అనడం లేదు. వెనిస్, జెనోవా, పీసా రేవులు ఆ రవాణాతో బాగుపడ్డాయి. నగదు చలామణి పెరిగింది. డబ్బు అవసరమైన ప్రభువులు కొన్నిచోట్ల వెట్టికి బదులు నగదు కౌలు తీసుకోవడానికి ఒప్పుకున్నారు, కొన్ని పట్టణాలు తమ హక్కుల పత్రాలను కొనుక్కున్నాయి. కానీ తాకట్టులో పోయిన భూములు రైతు చేతికి రాలేదు. చర్చికో, రాజుకో, ఇంకా పెద్ద ప్రభువుకో చేరాయి. యజమాని పేరు మారిందే తప్ప, వారంలో కొన్ని రోజులు ప్రభువు పొలంలో ఉచితంగా పని చేయాల్సిన సెర్ఫు బతుకు మారలేదు. కూతురి పెళ్లికి ప్రభువుకు రుసుము కట్టాలి. పిండి ప్రభువు మరలోనే పట్టించాలి. ఇంటిపెద్ద చనిపోతే ఉన్న పశువుల్లో మంచిదాన్ని ప్రభువు తోలుకుపోతాడు. "ప్రభువులు బలహీనపడ్డారు" అన్న ఒక్క వాక్యం చదివిన విద్యార్థికి ఇవేవీ కనిపించవు.

2. జెరూసలేం చేరకముందే జరిగిన హత్యలు

1096లో శిలువ గుర్తు వేసుకున్న గుంపులు మొదట దాడి చేసింది రైన్ నది ఒడ్డున ఉన్న స్పేయర్, వోర్మ్స్, మైన్జ్ పట్టణాల్లోని యూదుల మీద. వాళ్లు ఆ పట్టణాల్లో తరతరాలుగా ఉన్న ఇరుగుపొరుగువారే. అదే ఏడాది పీటర్ అనే సన్యాసి వెంట నడిచివెళ్లిన పేదల దండు అనటోలియాలో నైసియా దగ్గర దాదాపు మొత్తం నాశనమైంది. 1099 జూలైలో జెరూసలేం పడినప్పుడు ముస్లింలను, యూదులను ఊచకోత కోశారు. 1209లో ఫ్రాన్స్‌లోనే బెజియే పట్టణంలో క్రూసేడు పేరుతో క్రైస్తవులు క్రైస్తవులను చంపారు. ఇవి మన పుస్తకాల్లో ఒక్క పేరాకు కూడా నోచుకోలేదు. రాజుల పేర్లకు, క్రూసేడుల వరుస నంబర్లకు మాత్రం పట్టిక ఉంది.

3. ప్లేగు వచ్చేసరికి ఉన్న పరిస్థితి

1315 నుంచి ఎడతెరిపి లేని వానలతో పంటలు పోయి ఉత్తర యూరప్ అంతా మహాక్షామం పాలైంది. 1317 దాకా అది వదల్లేదు. ఆ తర్వాత ఒక తరం గడిచాక, 1347 అక్టోబరులో నల్లసముద్రం వైపు నుంచి వచ్చిన ఓడలతో ప్లేగు సిసిలీలోని మెస్సీనా రేవులో దిగింది. ఫ్రాన్స్‌లోనూ పాకి, 1348 వేసవికి ఇంగ్లండ్ దక్షిణ తీరం చేరింది. యూరప్ జనాభాలో కనీసం మూడోవంతు, చాలా ప్రాంతాల్లో సగం దాకా పోయారన్నది చరిత్రకారుల అంచనా. 1349 జనవరిలో బాత్, వెల్స్ బిషప్ తన ప్రజలకు ఒక ఉత్తరం రాశాడు. మరణశయ్య మీద ఉన్నవారికి పూజారి దొరక్కపోతే పాపాలను ఎవరి ముందైనా ఒప్పుకోవచ్చు, మగవాళ్లెవరూ లేకపోతే స్త్రీ ముందైనా ఒప్పుకోవచ్చు అని అనుమతిచ్చాడు. ఆనాటి చర్చి ఇంత మాట అన్నదంటే పల్లెల్లో ఎంతమంది పూజారులు చనిపోయి ఉంటారో ఊహించుకోవచ్చు. జనాభా శాతాలు గుర్తుండని విద్యార్థికి కూడా ఈ ఉత్తరం గుర్తుంటుంది. పాఠంలో దీనికి చోటు కల్పించడం కష్టమేమీ కాదు.

4. కూలి పెరిగిందని రాస్తున్నారు, దాన్ని నేరం చేసిన చట్టం గురించి రాయడం లేదు

నా ప్రధాన అభ్యంతరం ఇదే. దయచేసి ఈ అంశాన్ని ఓపిగ్గా చదవండి.

ఇంగ్లండ్‌లో ఇంకా శవాలు పూడుస్తూ ఉండగానే, 1349 జూన్‌లో రాజు మూడో ఎడ్వర్డ్ కూలీల మీద ఆజ్ఞ జారీ చేశాడు. 60 ఏళ్లలోపు ఉండి, సొంత భూమి గానీ, చేతిపని గానీ లేని ఆడా మగా ఎవరైనా సరే, అడిగిన యజమాని దగ్గర పనికి కుదరాలి. ప్లేగుకు ముందున్న కూలే తీసుకోవాలి. ఒప్పుకోకపోతే జైలు. ఒళ్లు బాగున్న బిచ్చగాడికి దానం చేసినా నేరమే, ఎందుకంటే ఆకలేస్తేనే పనికి వస్తాడని లెక్క. 1351లో పార్లమెంటు దీన్ని ఇంకా బిగించి చట్టం చేసింది. గడ్డి ఆరబెట్టే పనికి రోజుకు 1 పెన్నీ, ఎకరం గడ్డి కోతకు 5 పెన్స్, వడ్రంగుల్లో మేస్త్రీకి రోజుకు 3 పెన్స్, మిగతావారికి 2 పెన్స్ అని పని వారీగా రేట్లు రాసిపెట్టారు. కూలీలు ఏడాదికి రెండుసార్లు ఈ చట్టానికి లోబడతామని ప్రమాణం చేయాలి. కాదన్నవాళ్ల కాళ్లు బిగించడానికి ఊరూరా బొండకొయ్యలు పెట్టమన్నారు. ఎక్కువ కూలి తీసుకున్నవాళ్లకు ఎసెక్స్ లాంటి జిల్లాల్లో వేల సంఖ్యలో జరిమానాలు పడ్డాయి. 1361 నాటికి పారిపోయిన కూలీ నుదుటి మీద అక్షరం కాల్చి ముద్ర వేయవచ్చని కూడా చట్టంలో చేర్చారు.

1363లో మరో చట్టం వచ్చింది. నాగలి పట్టేవాళ్లు, బండి తోలేవాళ్లు, గొర్రెలు కాసేవాళ్లు ఏ ముతక బట్ట కట్టాలో, ఏ తిండి తినాలో అది చెప్పింది. అది ఎక్కువ కాలం నిలవలేదు గానీ, కూలివాడు కాస్త మంచి బట్ట కడితే పైవాళ్లకు ఎంత కంటగింపుగా ఉండేదో దాన్నిబట్టి తెలుస్తుంది. ఫ్రాన్స్‌లోనూ, స్పెయిన్‌లోని కాస్టీల్‌లోనూ 1351లోనే ఇలాంటి ఆజ్ఞలు వచ్చాయి. అంటే ఇది ఒక్క రాజు బుద్ధి కాదు.

అయినా కూలి పెరిగింది. ఎలా పెరిగింది? కూలీలు రాత్రికి రాత్రి పక్క ఊరి యజమాని దగ్గరికి వెళ్లిపోయారు. కుటుంబాలు ఇల్లు వదిలి పారిపోయాయి. ప్రభువులు కూడా ఒకరికి తెలియకుండా ఒకరు ఎక్కువ ఇచ్చి, తిండి పెట్టి మనుషుల్ని తిప్పుకున్నారు. పట్టుబడితే ఏమవుతుందో తెలిసి కూడా సామాన్యులు తీసుకున్న తెగింపు అది. దాన్ని "గిరాకీ పెరిగింది" అని రాసి వదిలేస్తే, ఆ మనుషులను చరిత్రలోంచి తీసేసినట్టే.

5. నింద ఎవరి మీద పడింది?

ప్లేగు రాగానే బావుల్లో యూదులు విషం కలిపారన్న పుకారు లేచింది. 1349 జనవరిలో బాసెల్‌లో, ఫిబ్రవరి 14న స్ట్రాస్‌బర్గ్‌లో వందలాదిమంది యూదులను తగలబెట్టారు. స్ట్రాస్‌బర్గ్‌లో అప్పటికింకా ప్లేగు రానేలేదు. వారి అప్పు పత్రాలు రద్దయ్యాయి, సొమ్ము పంచుకున్నారు. పోప్ ఆరో క్లెమెంట్ 1348లోనే, యూదులు కూడా ఇదే జబ్బుతో చనిపోతున్నారని, యూదులు లేనిచోట కూడా జబ్బు ఉందని స్పష్టంగా ప్రకటించాడు. ఎవరూ వినలేదు. మత యుద్ధాలు నేర్పిన ద్వేషం 250 ఏళ్ల తర్వాత జబ్బు సమయంలో పనిచేసింది. ఈ రెండు విషయాలను ఒక పాఠంలో పక్కపక్కనే పెట్టాల్సిన అసలు కారణం ఇదే. మన పాఠంలో అవి పక్కపక్కనే ఉన్నాయి గానీ వాటి మధ్య ఉన్న ఈ సంబంధం లేదు.

6. 1381

ఫ్రాన్స్‌తో యుద్ధం ఖర్చు కోసం తలపన్ను వేశారు. 1377లో మనిషికి 4 పెన్స్. 1380 చివర్లో అది 12 పెన్స్ అయింది. 1381 మే నెలాఖరున ఎసెక్స్‌లోని బ్రెంట్‌వుడ్‌లో వసూలుకు వచ్చిన అధికారులను జనం తరిమేశారు. జూన్‌కు తిరుగుబాటు నాయకుడు వాట్ టైలర్, బోధకుడు జాన్ బాల్‌తో కెంట్, ఎసెక్స్ రైతులు లండన్‌లో ఉన్నారు. దారిలో వాళ్లు వెతికి మరీ తగలబెట్టినవి మేనర్ (ప్రభువు ఎస్టేటు) దస్తావేజులు. ఎవరు ఎవరికి ఎంత వెట్టి బాకీ ఉన్నారో రాసి ఉన్న కట్టలు అవే. జూన్ 14న మైల్ ఎండ్‌లో 14 ఏళ్ల రాజు రెండో రిచర్డ్ ముందు వాళ్లు పెట్టిన కోరికలు వెట్టి రద్దు కావాలని, భూమి కౌలు ఎకరానికి 4 పెన్స్ దాటకూడదని. రాజు ఒప్పుకున్నాడు, పత్రాలు రాయించాడు. మర్నాడు వాట్ టైలర్‌ను చంపారు. జూలై వచ్చేసరికి ఆ పత్రాలు చెల్లవన్నారు. జాన్ బాల్‌ను ఉరితీశారు.

తిరుగుబాటు ఓడింది. వెట్టిని రద్దు చేస్తూ ఇంగ్లండ్‌లో చట్టం ఎప్పుడూ రాలేదు. 15వ శతాబ్దంలో ఒక్కో మేనర్‌లో, ఒక్కో బేరంతో, పనికి బదులు కౌలుగా మారుతూ అది అరిగిపోయింది. 1574లో కూడా రాణి ఎలిజబెత్ తన భూముల్లో మిగిలిన కట్టు రైతులకు విముక్తి అమ్మడానికి అధికారులను నియమించాల్సి వచ్చింది. ప్లేగుకు, ఈ 1574కు మధ్య 225 ఏళ్లున్నాయి. ఇంత కాలాన్ని మనం "స్వేచ్ఛ పొందారు" అన్న రెండు మాటల్లో ముగిస్తున్నాం.

7. అదే ప్లేగు, వేరే ఫలితాలు

ప్లేగే విముక్తి ఇచ్చేదైతే అన్నిచోట్లా ఇవ్వాలి. ఈజిప్టులో కూడా 1347లోనే అలెగ్జాండ్రియాలో అది దిగింది. అక్కడి మామ్లూక్ సైనిక ప్రభువులు కైరోలో కూర్చుని గ్రామాల ఆదాయం తినేవాళ్లు. మనుషులు తగ్గినా రాబడి తగ్గకూడదని మిగిలినవారి మీద భారం వేశారు. నైలు కాలువలు, గట్లు బాగుచేసే చేతులు లేక సాగు దెబ్బతింది, రైతులు ఊళ్లు వదిలిపోయారు. తూర్పు యూరప్‌లో మరీ అన్యాయం. పోలండ్‌లో 1496 శాసనం ప్రకారం ఊరికి ఏడాదికి ఒక్క రైతు మాత్రమే వదిలి వెళ్లొచ్చు, 1520 నాటికి వారానికి ఒక రోజు వెట్టి తప్పనిసరి అయింది. రష్యాలో 1497 చట్టం రైతు యజమానిని మారడాన్ని శరదృతువు చివర్లో ఒక పండుగకు అటూ ఇటూ వారం రోజులకు కుదించింది, 1649 చట్టం ఆ వీలూ తీసేసింది. అక్కడ సెర్ఫుల విముక్తి 1861లో గానీ రాలేదు.

బొహీమియాలో (నేటి చెక్ దేశంలో) 1419 నుంచి 1434 దాకా సాగిన హుస్సైట్ (చర్చి సంస్కర్త యాన్ హుస్ అనుచరుల) మత యుద్ధంలో సేనాని యాన్ జిజ్కా వెంట రైతులే బండ్లను కోటగోడగా నిలబెట్టి పోప్ పంపిన సైన్యాలను మళ్లీ మళ్లీ ఓడించారు. చివరికి చర్చి భూములు పెద్ద ప్రభువుల పాలయ్యాయి. ఆ శతాబ్దం ముగిసేలోపే అక్కడి రైతును భూమికి కట్టేసే చట్టాలు వచ్చాయి. దీనికి పూర్తిగా భిన్నంగా స్పెయిన్‌లోని కటలోనియాలో కట్టు రైతులు సంఘాలు కట్టి, 1462 నుంచి ఆయుధాలు పట్టి పోరాడారు. 1486లో రాజు ఫెర్డినాండ్ ఇచ్చిన గ్వాదలూపే తీర్పుతో, డబ్బు కట్టి, తమ మీదున్న "చెడ్డ ఆచారాల" (ప్రభువుల అన్యాయపు హక్కుల) నుంచి బయటపడ్డారు. ప్లేగు ఒకటే. రైతులకు సంఘం ఉందా, రాజు ఎవరి పక్షాన ఉన్నాడు, ప్రభువులు ఒక్కటిగా ఉన్నారా, పారిపోవడానికి పక్కన పట్టణం ఉందా అన్నవే ఫలితాన్ని తేల్చాయి.

ఇదంతా ఇక్కడి పిల్లలకు ఎందుకని మీరు అడగొచ్చు. నా విద్యార్థుల్లో వలస కూలీల పిల్లలు ఎంతోమంది ఉన్నారు. 2020 మేలో, కరోనా లాక్‌డౌన్ సమయంలో, కర్ణాటక ప్రభుత్వం బిల్డర్లతో సమావేశమయ్యాక వలస కూలీల రైళ్లను ఆపేసింది, విమర్శలు వచ్చాక మళ్లీ నడిపింది. అదే నెలలో ఉత్తరప్రదేశ్ మంత్రివర్గం చాలా కార్మిక చట్టాలను మూడేళ్లపాటు పక్కనపెట్టే ఆర్డినెన్సుకు ఒప్పుకుంది. వైరస్‌ను ఒక మతం వాళ్లే తెచ్చారన్న ప్రచారాన్ని కూడా ఈ పిల్లలు ఫోన్లలో చూశారు. 1349 నాటి ఇంగ్లండ్ ఆజ్ఞను, స్ట్రాస్‌బర్గ్ ఘటనను చదివితే వాళ్లకు ఆ రోజులు కొత్తగా అర్థమవుతాయి. "జనాభా తగ్గింది, కూలి పెరిగింది" అని బట్టీ పట్టినవాళ్లకు ఏమీ అర్థం కాదు. పైగా మహమ్మారి వస్తే పేదలకు తనంతట తానే మేలు జరుగుతుందనే తప్పుడు నమ్మకం మిగులుతుంది.

కాబట్టి మిమ్మల్ని కోరుతున్నవి ఇవి:

1. "ప్లేగు వల్ల సెర్ఫులు స్వేచ్ఛ పొందారు" అన్న వాక్యాన్ని తొలగించండి. దాని స్థానంలో 1349 ఆజ్ఞ, 1351 చట్టం, 1381 తిరుగుబాటు వరుసగా రావాలి.

2. 1351 చట్టంలోని కూలి రేట్ల భాగాన్ని తెలుగులోకి తెచ్చి పాఠం మధ్యలో ఒక పేజీ ఇవ్వండి. విద్యార్థి అసలు పత్రాన్ని చదివి తనే ప్రశ్న వేయాలి.

3. 1096, 1349 యూదుల హత్యలను పాఠంలో చేర్చండి. సున్నితమైన అంశం అని వదిలేయకండి. డిగ్రీ పిల్లలు ఇంతకన్నా ఘోరమైనవి రోజూ చూస్తున్నారు.

4. ఇంగ్లండ్ పక్కన ఈజిప్టు, పోలండ్, కటలోనియా ఉదాహరణలు పెట్టండి. రెండు పేజీలు సరిపోతాయి. క్రూసేడుల వరుస నంబర్ల పట్టిక తీసేస్తే ఆ చోటు దొరుకుతుంది.

5. పోటీ పరీక్షల్లో "భూస్వామ్య పతనానికి ప్రధాన కారణం ఏది?" అని నాలుగు ఆప్షన్లు ఇచ్చి ఒక్కదాన్ని ఎంచుకోమనడం ఆపండి. బాగా చదివిన విద్యార్థే ఆ ప్రశ్న దగ్గర ఎక్కువ టెన్షన్ పడతాడు, ఎందుకంటే ఏ ఒక్కటీ సరైన జవాబు కాదు.

6. పుస్తకంలో లేని వివరాలు రాసిన విద్యార్థికి, అవి నిజమైతే, మార్కులు తగ్గించవద్దని పేపర్లు దిద్దేవారికి రాతపూర్వకంగా సూచన ఇవ్వండి. నా విద్యార్థులు కొందరు దీనివల్ల నష్టపోయారు.

7. పాఠ్యపుస్తకాల మీద అధ్యాపకులు పంపే అభ్యంతరాలకు గడువులోగా జవాబు చెప్పే పద్ధతి పెట్టండి. ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోలేదో చెప్పండి. నా వాదనలో లోపం ఉంటే చూపించండి, సరిదిద్దుకుంటాను.

ఆరో కోరిక అమలుకు పుస్తకం మార్చాల్సిన అవసరం కూడా లేదు. ఈ ఏడాది పేపర్లు దిద్దడం మొదలయ్యేలోపే ఆ సూచన పంపవచ్చు. మిగతావాటికి వచ్చే ముద్రణ దాకా సమయం ఉంది. అనువాదానికి, ప్రూఫులు చూడటానికి మనుషులు తక్కువైతే నేనూ, ఇదే సబ్జెక్టు చెప్పే మరికొందరు అధ్యాపకులూ పారితోషికం లేకుండా పని చేస్తాం. ఈసారైనా మీ జవాబు వస్తుందని ఎదురుచూస్తూ,

ఇట్లు,
ఒక డిగ్రీ కళాశాల చరిత్ర అధ్యాపకురాలు